వీపు వెనక చోటు

ఇంద్రజాలికుడు పొద్దున్నే అద్దం ముందు నిలబడి ఎర్ర రుమాలును వందసార్లు మాయం చేస్తాడు. చెయ్యి తడబడిందా, లెక్క మళ్ళీ మొదటికే. ఎంత బతిమాలినా ఒకే ఆట రెండోసారి చూపించడు. వీపుకి కళ్ళుండవంటూ వెనక ఎవరినీ నిలబడనివ్వడు. పెట్టె అందించే తమ్ముడొక్కడికే ఆ చోటు. మొన్న రుమాలు మాయం కాకముందే ముందు వరుసంతా నవ్వేసింది. "ఆ బొటనవేలు ఉత్తుత్తిదిగా, అందులో దూర్చాడు," అంటూ ఒకాయన ఫోన్ చూపించాడు. వీడియోలో ఇంద్రజాలికుడి వీపు, ఎడమ భుజం, దాని పక్కగా ఆ వేలు. అక్కణ్ణుంచి తీయగలిగేది ఒక్కడే. మర్నాడు తమ్ముడు ఎప్పట్లాగే పెట్టె ఎత్తబోతే, "ఉంచరా, నేను మోసుకుంటాలే," అన్నాడు. "నువ్వెళ్ళి ముందు కూర్చో. అందరితోపాటు చూద్దువుగాని."