బార్తుల్ మోటారు చప్పుడు

మా క్రొయేషియా దీవిలో ఏ పడవ వస్తోందో తెలుసుకోవడానికి కిటికీ దాకా వెళ్లనక్కర్లేదు, మోటారు చప్పుడు వింటే చాలు. బార్తుల్‌ది పాత టూ స్ట్రోక్. దగ్గేది, నీలం పొగ కక్కేది, నూనె కలిపిన పెట్రోలు పోస్తేనే కదిలేది. ఆ దగ్గు కొండ మలుపు దగ్గర వినపడగానే ఇంట్లో అతని భార్య తోంకా పొయ్యి మీద నీళ్లు పెట్టేది. వెనకటికి ఆమె అన్న చలికాలపు గాలిలో చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. అప్పటినుంచీ ఆ చప్పుడు వినేదాకా ఆమె ఓ చోట కూర్చునేది కాదు.

మొన్న వసంతంలో ఆ మోటారు కాస్తా చచ్చి ఊరుకుంది.

రేవులో మోటార్లు బాగుచేసే నెదిల్కా, బార్తుల్ అన్న కూతురు. "బాబాయ్, ఫోర్ స్ట్రోక్ కొనుక్కో. పొగుండదు, పెట్రోలు తక్కువ తాగుతుంది, పక్కన పిల్లి పడుకున్నా లేవదు" అంది.

"ఏంటీ?"

"పిల్లి, బాబాయ్, పిల్లి!"

"బరువే తల్లీ, నడుం విరుగుతుంది" అన్నాడు బార్తుల్. మర్నాడు, చెడితే తనకు విప్పడం రాదన్నాడు. ఆఖరికి పక్క దీవిలో ఎవరో వాడేసిన టూ స్ట్రోక్ చూసొచ్చాడు. ఉత్త మొండి ఘటమని రేవంతా నవ్వుకుంది. అసలు సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. పెళ్లాం కోసమని రేవులో ఏ మగాడు ఒప్పుకుంటాడు?

వంటింట్లో మాత్రం చెప్పక తప్పలేదు.

"చప్పుడు లేకపోతే నేనొచ్చినట్టు నీకెలా తెలుస్తుందే?"

చేపలు శుభ్రం చేస్తున్న తోంకా ఏదో అంది.

"ఏంటీ?"

మళ్లీ అంది. అతను మళ్లీ "ఏంటే?" అన్నాడు. ఆమె కత్తి కింద పెట్టి, కుంటుకుంటూ వచ్చి, అతనికి కాస్త వినపడే చెవి దగ్గర నిలబడింది.

"ఇదిగో, ఇందుకే వద్దనేది! ఆ పాడు మోటారే నీ చెవులు తినేసింది. ఇన్నేళ్లూ దాని గోల నేను విన్నాను కదయ్యా, ఉన్నన్నాళ్లయినా నా మాట నువ్వు వినొద్దూ?"

"మరి నేనొచ్చేది..."

"నోరు లేదా? పాటెత్తుకో."

ఫోర్ స్ట్రోక్ వచ్చింది. మొదటి రోజే బార్తుల్ చేతులు వాటి అలవాటు మానలేక పెట్రోల్లో నూనె కలిపేశాయి. రేవంతా పొగ.

"బాబాయ్! దీనికీ పొగ నేర్పావా!" అని నెదిల్కా పడీపడీ నవ్వి, ట్యాంకు ఖాళీ చేసి కడిగిచ్చింది.

మర్నాడు పొద్దున పడవ కొండ మలుపు తిరిగింది. మోటారు మాటే వినపడలేదు. దాని బదులు పాట వినపడింది. మా ఊరి పాటల బృందం ఏనాడో దండం పెట్టి సాగనంపిన గొంతు అది. ఒక్క చరణం కూడా శ్రుతిలో లేదు. తోంకా నీళ్లు పెట్టింది. పడవ ఇంటి కిందికొచ్చేసరికి కిటికీ తెరిచింది.

"చాల్లేవయ్యా, ఊరు లేచి కూర్చుంది! నీళ్లు కాగుతున్నాయి, రా!"

"వస్తున్నానే!" అన్నాడు బార్తుల్.

అన్నాక గాని అతనికి తట్టలేదు. మోటారు నడుస్తూనే ఉంది. అయినా ఆమె మాట అతనికి ఒక్కసారి చెప్పగానే వినపడింది.