అంచు దాటిన పురుగులు

మొన్న మా అమ్మాయి ఇందిరాపురం ఫ్లాట్‌కి నేల ఊడ్చే యంత్రం ఒకటి తెచ్చింది. పళ్ళెమంత ఉంటుంది. సోఫా కాలికి గుద్దుకుంటుంది, కాసేపు ఆలోచిస్తున్నట్టు నటిస్తుంది, పక్కకు తిరిగి తన దారిన పోతుంది. "దీని కదలిక ఎవడు రాశాడో గానీ బుద్ధిమంతుడే" అన్నాను. "పాపా, యే బస్ వ్యాక్యూమ్ హై" అంది ఫోన్‌లోంచి తలెత్తకుండా. ఉత్త వ్యాక్యూమేనట. మా పిల్లకు తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. ఒకప్పుడు నేనూ ఇలాంటి కదలిక ఒకటి రాశానని, దాని పుణ్యమా అని వాళ్ళమ్మా నేనూ చెరో ఊళ్ళో బతికామని చెబుదామనుకున్నాను. వినే తీరిక దానికి లేదు. నా మాటల్లో సగం తీసేసి నమ్మమని మా ఆవిడ అందరికీ ముందే హెచ్చరిస్తుంది కాబట్టి, మీరూ ఆ లెక్కనే వినండి.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. నోయిడాలో మా ఆఫీసు ఏసీ ఎంత ఘోరంగా ఉండేదంటే, బయట మే నెల లూ గాలికి తారు కరుగుతుంటే లోపల మా మేనేజరు మీసాల మీద మంచు పేరుకునేది. నేను గీకి చాయ్‌లో వేసుకున్నాను కూడా. ఆ మేనేజరుకు ఒక పిచ్చి పట్టింది. ప్రోగ్రాములు మనుషులు రాయకూడదు, వాటంతటవే పుట్టాలి. తెర మీద గళ్ళు గీసి, గళ్ళలో గింజలు చల్లి, పురుగుల్ని వదలాలి. మేము రాసేది చిన్న చిన్న పనులే: ముందుకు కదులు, ఎడమకు తిరుగు, ఎదుట గింజ ఉందేమో చూడు. కంప్యూటరు వాటిని ఎడాపెడా కలిపి వందల పురుగుల్ని చేస్తుంది. ఎక్కువ తిని ఎక్కువసేపు బతికినవి మిగులుతాయి, వాటికి పిల్లలు పుడతాయి, ఆ పిల్లల్లో మళ్ళీ గట్టివి మిగులుతాయి. ఇలా తరాలు గడిస్తే, ఎవరూ నేర్పకుండానే తెలివైన పురుగు తయారవుతుంది. రేపు గోదాములో బండ్లు కూడా ఇలాగే తిరుగుతాయని ఆయన కల.

కదలిక రాసే పని నాకు, ఏ పురుగు ఎంత గొప్పదో తేల్చే స్కోరు రాసే పని మా బావమరిదికి పడ్డాయి. బావమరిది అంటే నా పెళ్ళితో వచ్చినవాడు కాదు, చర్చిలో కుదిరినవాడు. ఢిల్లీలో ఆదివారం తెలుగు ఆరాధన అయ్యాక, మా ఆవిడది భీమవరం వైపని తెలిసి, "మాది పక్క ఊరే చెల్లెమ్మా" అన్నాడు. పరాయి ఊళ్ళో అన్న దొరికాడని మా ఆవిడ ఆ పూటే భోజనానికి పిలిచింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం మా ఇంట్లో చేపల పులుసుకు అతను హాజరు, నాకు "బావా" అనే పిలుపు ఖాయం.

కదలిక రాయడంలో చిక్కంతా అంచు దగ్గరే. గళ్ళ చివరికొచ్చిన పురుగు ఏం చేయాలి? ఆగిపోతే గోడకు తల బాదుకుంటూ చస్తుంది. అందుకని కుడి అంచు దాటితే ఎడమ అంచున తేలేట్టు రాశాను. ఢిల్లీ రింగు రోడ్డు మీద గుండ్రంగా తిరిగే ముద్రిక బస్సు లాగన్నమాట. ధౌలా కువాన్‌లో ఎక్కి నిద్రపోయినవాడు తిరిగి ధౌలా కువాన్‌లోనే లేస్తాడు. నాకు తెలిసిన ఒకాయన అలా నిద్రలోనే రిటైరయ్యాడు.

ప్రతి అడుగుకూ పురుగు శక్తి కొంత తగ్గాలి, అయిపోతే ఆట ముగియాలి. అక్కడ మా బావమరిది ఒక మాట అడిగాడు. "బావా, అంచు దాటే అడుగుకి మాత్రం నువ్వు శక్తి కొయ్యకు. అది నా స్కోర్లో కోస్తాలే. ఇద్దరం కోస్తే పాపం చచ్చూరుకుంటాయి."

సబబుగానే తోచింది. నియమం ఏది మారినా జట్టంతటికీ మెయిల్ పెట్టాలని ఆఫీసు పద్ధతి. నేను రాయబోతుంటే భుజం మీద చెయ్యేసి నవ్వాడు. "చెల్లెమ్మ చేతి అన్నం తింటూ, నీకూ నాకూ మధ్య మెయిలేంటి బావా! కోర్టుకెళ్తామా ఏంటి?" నాకే సిగ్గేసింది. మూసేశాను. మనవాళ్ళతో మాటే కాగితం అనుకునే ఇళ్ళలో పెరిగినవాణ్ణి మరి.

ఆ రోజుల్లోనే జట్టును విడదీస్తారని తెలిసింది. ఒక్కరు నోయిడాలో ఉండి పని నడిపిస్తారు, మిగతావాళ్ళు పూణే వెళ్ళాలి. మా ఆవిడకు ఢిల్లీ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం అప్పుడే పర్మనెంటయింది. నేను పూణే వెళ్తే ఆవిడ ఇక్కడ హాస్టల్లో ఉండాల్సిందే. "డెమో బాగా జరిగితే నిన్నే ఉంచుతారు, బావా. కదలికే కదా అసలు పని" అని ధైర్యం చెప్పింది కూడా మా బావమరిదే. మా ఇద్దరి పనీ కలిపి నడిపే యంత్రం అతని దగ్గరుండేది. "ఎలా ఉన్నాయి పురుగులు?" అని అడిగితే, "అదరగొడుతున్నాయి" అనేవాడు.

డెమో నాడు గోదాముల కంపెనీవాళ్ళు కూర్చున్నారు. తెర వెలిగింది. గింజలన్నీ నడిమధ్య నిగనిగలాడుతున్నాయి. పురుగులు మాత్రం అంచుకు వేలాడుతూ, కుడినుంచి ఎడమకు, ఎడమనుంచి కుడికి గెంతుతున్నాయి. స్కోర్లోనూ కోత పడలేదు. అంచు దాటడం ఉచితమని కనిపెట్టేశాయి, ఇక వాటికి చావు లేదు. మేనేజరు ముఖం ఎర్రబడింది. "యే క్యా హో రహా హై, భాయ్? మూవ్ కిస్‌నే లిఖా?"

"కదలిక రాసింది వీరే సార్" అన్నాడు మా బావమరిది. బావా అనలేదు. "నాకు అనుమానమొచ్చి నా వైపు ఇంకోటి చేసి పెట్టుకున్నాను, చూపించమంటారా?" అని తన లాప్‌టాప్ తగిలించాడు. అందులో పురుగులు చక్కగా చుట్లు తిరుగుతూ గింజలన్నీ ఊడ్చేశాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, చేతులకు ఇంకేం చేయాలో తెలియక.

ఇక్కడినుంచి ఒక్క ముక్క కూడా కలపడం లేదు. అంత తెలివైన పురుగు పుట్టాలంటే తరాలు గడవాలి, మా పాత యంత్రాల మీద దానికి వారాలు పట్టేవి. అంటే నాకు ధైర్యం చెబుతున్న రోజుల్లోనే అతని లాప్‌టాప్‌లో అవి పెరుగుతున్నాయి. నన్ను కొయ్యొద్దన్నది అతనేనని, తాను కోస్తానన్నదీ అతనేనని చెప్పడానికి నా దగ్గర ఏముంది?

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నమ్మలేదు. "మీ కథలు నాకు తెలీవా? అన్నయ్య అలా చెయ్యడు" అంది. ఆఫీసులో జరిగినదానికంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. అంతకాలం సరదాకి చెప్పిన అబద్ధాలన్నీ ఆ పూట నా మీద కూర్చున్నాయి.

ఆదివారం అతను మామూలుగానే వచ్చాడు, చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు. మా ఆవిడ వడ్డిస్తూ నవ్వుతూనే అడిగింది. "ఏంటన్నయ్యా, మీ బావ ఏదో అంటున్నారు, ఆ అంచు మాట మీరే చెప్పారట?"

అతను ముద్ద కలుపుతూనే ఉన్నాడు. "చెప్పాను చెల్లెమ్మా. మా చిన్నదాన్ని ఇప్పుడే స్కూల్లో చేర్చాం. నేను పూణే పోతే ఇల్లు గడవదు. మీకైతే నీ జీతం ఉంది, ఎలాగో నెట్టుకొస్తారు. బావ ఏమీ అనుకోడులే."

నేను అరుద్దామనుకున్నాను. అంతలో మా ఆవిడ గిన్నె పట్టుకుని ముందుకొచ్చింది. వంగి, అతని కంచంలో చేపముక్క మరొకటి వేసింది.

"ఇంకొంచెం పులుసు పోసుకోండి, బ్రదర్ గారూ" అంది.

చర్చిలో ముక్కూ మొహం తెలియనివాళ్ళనందరినీ పిలిచే పిలుపది. అతను ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆగాడు. మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఆవిడ హాస్టల్లో, నేను పూణేలో గడిపిన ఆ రోజులు ఇప్పుడు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, ఏ పండగ ఎక్కడ చేసుకున్నామో అడిగినా చెప్పలేను. ఆ మధ్యాహ్నం మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా పొడుగవుతూనే ఉంది.