నేను లేకుండా నా సంతకం ఎక్కిన బస్సు

ఆ రోజుల్లో ఐర్లాండులో ఉద్యోగం దొరకడం తేలిక, సాయంత్రం మాట్లాడేందుకు మనిషి దొరకడం కష్టం. కార్లో దగ్గరి ఒక మందుల కర్మాగారంలో నేను వాలిడేషన్ ఇంజినీరును. అంటే ప్రతి యంత్రమూ చెప్పిన పని చెప్పినట్లు చేస్తోందని కాగితం మీద రుజువు చేసేవాణ్ణి. ట్యునీషియా యాత్రకు ఇద్దరికీ బుక్ చేసిన మా రూమ్మేటు, చివరి వారంలో పెళ్లిచూపులంటూ ఇండియా వెళ్లిపోయాడు. "నువ్వు వెళ్లిరారా, ఎండ చూసి ఎన్నాళ్లయింది" అన్నాడు. అలా ఎడారి అంచున ఉన్న ఒక సముద్రతీర పట్టణంలో, చుట్టూ ఐరిష్ దంపతులుండగా, మూడు రోజులు వెయిటర్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడకుండా గడిపాను.

నాలుగో రోజు రోమన్ శిథిలాలకు బస్సు. మా గైడు తలలు లెక్కపెట్టిన ప్రతిసారీ వేరే సంఖ్య వస్తోంది. నేను ఊరుకోలేకపోయాను. పేరు, దిగినప్పటి సంతకం, ఎక్కినప్పటి సంతకం అని మూడు గళ్లతో కాగితం గీసి ఇచ్చాను. పక్క సీట్లో ఉన్న పెద్దావిడ (ఐర్లాండు ఉత్తరాన ఉన్న లెటర్‌కెన్నీ నుంచి ఒంటరిగా వచ్చింది, మనసులో ఆంటీ అనుకునేవాణ్ణి) "గ్రాండ్" అంది, ఐరిష్ వాళ్లు బాగుందనడానికి అనే మాట. దిగేటప్పుడు మాత్రం నేను, తిరిగి ఎక్కేటప్పుడు సమయం ఆదా అవుతుందని, రెండు గళ్లలోనూ ఒకేసారి సంతకం పెట్టేశాను (మా కర్మాగారంలో ఇలా చేస్తే ఉద్యోగం పోతుంది).

సున్నం లేకుండా పేర్చిన రాళ్ల సందుల్లో నా ఐడీ కార్డు దూరుతుందేమోనని ఒక్కొక్కటే పరీక్షించి తలెత్తేసరికి బస్సు లేదు. ఒకవైపు ఇసుక, ఒకవైపు సముద్రం, మధ్యలో విరిగిన స్తంభాలు, నేను. నేను లేనని ఎవరికి, ఎప్పటికి తెలుస్తుందో లెక్క కట్టాను. నేను ఇవ్వాల్సిన రిపోర్టు గడువు దాటాక, మా ఆఫీసుకు. అంటే పదకొండు రోజులకు. ఆ లెక్కను రెండుసార్లు సరిచూసుకుని ఒక రాయి మీద కూర్చుండిపోయాను.

నలభై నిమిషాలకు దుమ్ము లేపుకుంటూ బస్సు తిరిగొచ్చింది. గైడు కాగితం చూపించి, "సార్, దీని ప్రకారం మీరు బస్సులోనే ఉన్నారు" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆంటీ కిటికీలోంచి అందుకుంది: "పక్క సీటు ఖాళీ అని మొదటి మలుపులోనే చెప్పాను. నన్ను కాగితం చదవమన్నాడు. నేను పిప్పరమెంటు ఇవ్వాల్సింది కాగితానికా, నీకా?"

పిప్పరమెంటు నాకు పడదు. అయినా మూడు తిన్నాను. "మీ అమ్మగారు ఏం చేస్తుంటారు?" అని ఆమె అడిగింది. అంతే, మా అమ్మతో మొదలై, చెల్లెలి కాలేజీ, స్టెరిలైజరు ఉష్ణోగ్రతలు, రూమ్మేటు పెళ్లిచూపులు, అన్నీ వరుసగా చెప్పుకుపోయాను. హోటలు ఇంకా దూరం ఉందనగా ఆమె నిద్రపోయింది. అది గమనించాక కూడా నేను మరో పది నిమిషాలు మాట్లాడాను. అప్పటి నన్ను, ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆపమని చెప్పడానికి మాత్రం మనసొప్పదు.