పేరు తీసేసిన అప్లికేషన్

రెండేళ్ళ కిందటి సంగతి. ఆఫ్రికా పల్లెల్లో ఆడవాళ్ళ హక్కుల కోసం కొట్లాడే చిన్న సంఘాలకి గ్రాంట్లిచ్చే ఫౌండేషన్‌లో, ఇక్కడ అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో పనిచేస్తున్నాను. మా డైరెక్టర్ గారూ తెలుగాయనే.

ఒకరోజు మలావీ నుంచి ఒక వితంతువుల సంఘం అప్లికేషన్ వచ్చింది. మొగుడు పోగానే అత్తింటివాళ్ళు లాక్కున్న పొలాల కోసం కోర్టుకెక్కిన ఆడవాళ్ళు. డైరెక్టర్ గారు మొదటి పేజీ కూడా తిప్పలేదు.

"ఇదేం ఇంగ్లీషమ్మా! నాలుగు ముక్కలు రాయడం రాదు, వీళ్ళేం హక్కులు సాధిస్తారు?" అని ఎర్ర పెన్నుతో కొట్టేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

బోర్డు మీటింగుకి అప్లికేషన్ల మీద పేర్లు తీసేసి ఆయనకివ్వడం నా పని. ఆయనే ఒకప్పుడు మా ఫౌండేషన్ కోసం వేరే సంస్థకి రాసుకున్న అప్లికేషన్‌ని కూడా పేరు తీసేసి ఆ కట్టలో దూర్చాను. ఆయన చదవరన్న ధైర్యం నాది.

మీటింగులో దాన్ని ఎత్తి చూపిస్తూ, "అన్నీ గాలి కబుర్లు. రిజెక్ట్," అన్నారు.

"అది మీరు రాసిందే సార్," అన్నాను. నా వీసా ఆయన సంతకం మీద నడుస్తోంది. అయినా మలావీ కాగితాలు బల్ల మీద పెట్టి, "వీటినీ ఇలాగే చదివారు," అన్నాను.

ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. బోర్డువాళ్ళు అక్కడే కూర్చుని చివరిదాకా చదివి గ్రాంటిచ్చారు.

కక్ష మంచిది కాదంటారు. కావచ్చు. ఆ ఆడవాళ్ళు అదే వచ్చీరాని ఇంగ్లీషులో రాసిన థాంక్స్ లెటర్‌ని ఫ్రేమ్ కట్టించి, ఆయన కుర్చీకి ఎదురుగోడకి నేనే మేకు కొట్టి తగిలించాను. దాన్నైతే రోజూ చదవక తప్పదుగా!