ఖాళీగా ఉండాల్సిన క్యారియర్

స్టీలు క్యారియర్ మూత తీయగానే వచ్చే సంగటి వాసనకు ఇప్పటికీ నాకు చిన్నప్పటి ఒక సాయంత్రం గుర్తొస్తుంది.

ఆ సాయంత్రం తిరుపతిలో మా వీధిలో హాస్య నాటకం. ఉద్యోగం పోయిన సంగతి పెళ్లానికి చెప్పకుండా, రోజూ క్యారియర్ పట్టుకెళ్లి అలిపిరిలో చెట్టు కింద కూర్చునే మొగుడి వేషం మా నాయనది. చివర్లో మూత తీస్తే క్యారియర్ ఖాళీగా ఉండాలి. పెళ్లానికి అంతా తెలిసిపోయిందని అప్పుడతనికి అర్థమవుతుంది.

ఆ క్యారియర్ మా ఇంటిదే, నాయన రోజూ ఆఫీసుకు తీసుకెళ్లేదే. "ఈపొద్దు ఉత్తదే ఇయ్యి మే" అని అమ్మకు చెప్పాడు కూడా.

స్టేజీ మీద నాయన మూత తీశాడు. లోపల సంగటి ముద్ద, నంజుకోవడానికి శెనక్కాయల ఊరిబిండి ఉన్నాయి.

ఆయన మూత చేత్తో పట్టుకుని క్యారియర్‌లోకే చూస్తుండిపోయాడు. జనం నవ్వు ఆగిపోయింది. రిహార్సల్స్ చూసి చూసి తర్వాతి డైలాగు నాకు కంఠతా వచ్చు. అందిద్దామని నేను లేవబోతే, "గమ్మునుండు" అని అమ్మ నా చేయి పట్టుకుంది.

నాయన మా వైపే చూస్తూ, నాటకంలో లేని మాట అన్నాడు.

"అంతా తెలిసినా కట్టినావా?"

జనం విరగబడి నవ్వారు. నాటకం చెడగొట్టిందని నాకు అమ్మ మీద ఒళ్లు మండింది.

మర్నాడు నాయన ఎక్కడికీ వెళ్లలేదు. అమ్మ పక్కన కూర్చుని సంగటి తిన్నాడు. బాగా నటించినందుకు ఆఫీసులో సెలవిచ్చారని బళ్లో అందరికీ చెప్పుకున్నాను.

అప్పటికే ఆయనకు ఉద్యోగం లేదని, ఆ సంగతి అమ్మ ముందే పసిగట్టిందని పెద్దయ్యాక తెలిసింది. తెలిసీ రోజూ క్యారియర్ ఎందుకు కట్టావని అమ్మనడిగాను.

"చెట్టు కింద కూసున్నా ఆకలైతాది గదా" అంది.