ఎర్ర శాలువా

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. నాన్న బిలాస్‌పూర్‌లో గూడ్సు రైలు గార్డు. రతన్‌పూర్ కోటలో సినిమా షూటింగని తెలిసి, ఓ ఆదివారం బస్సెక్కి అమ్మా నాన్నా నేనూ వెళ్లాం.

జనం మధ్య నిలబడి చూస్తున్నాం. కోట గుమ్మంలోంచి గుర్రాలు దూసుకొస్తున్నాయి. దారి మధ్యలో పొత్తిళ్లలో పసిబిడ్డ!

"అయ్యో, పిల్లండీ!" అని అమ్మ కేక వేసింది.

నాన్న అమ్మ భుజం మీది ఎర్ర శాలువా లాగి, జనానికి అడ్డంగా కట్టిన తాడు దాటి, గుర్రాలకు ఎదురుగా నిలబడి రెండు చేతులతో ఊపారు. స్వారీ చేస్తున్నది మా ఊళ్లో గుర్రబ్బళ్లు తోలే టాంగావాళ్లే. రైల్వే గేటు దగ్గర ఎర్రజెండాకు ఆగడం అలవాటేమో, ఠక్కున కళ్లేలు లాగేశారు.

తీరా చూస్తే ఆ బిడ్డ గుడ్డబొమ్మ. డైరెక్టరు నోటికొచ్చినట్టు తిట్టాడు. "అచ్ఛా! రెడ్ సిగ్నల్ హో గయా!" అని, రెడ్ సిగ్నల్ పడిపోయిందంటూ ఎవరో అరిస్తే జనమంతా పడీపడీ నవ్వారు. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది.

తిరుగు బస్సులో నాన్న తలెత్తలేదు. అమ్మ శాలువా దుమ్ము దులుపుతూ, "బొమ్మయితే ఏటి? బొమ్మని తెలిసి ఎల్లారేటి మీరు?" అంది.

తర్వాత ఆ సినిమా మా ఊరొస్తే చూశాం. తెర మీద గుర్రాలు ఆగలేదు, ఎవరూ అడ్డం రాలేదు. అంత జనంలో ఆ రోజు బిడ్డ కోసం ఉరికింది మా నాన్నొక్కరేనని అప్పుడు తట్టింది. చీకట్లో ఆయన చెయ్యి పట్టుకున్నాను.