ముక్కలు సరిగ్గానే పడ్డాయి

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. పదకొండేళ్లుగా ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి జీతం తీసుకుంటున్నాను. ఈ పని చేసేవాళ్లకి ఒక జబ్బు అంటుకుంటుంది. ఎవరేమన్నా "రుజువేదీ?" అనాలనిపిస్తుంది. కూరలో ఉప్పెక్కువైందని చెప్పడానికి కూడా మూడు ముద్దలు తింటేగానీ నోరు విప్పనని నా భార్య వెక్కిరిస్తుంది. నన్ను ముంచింది ఆ జబ్బేనని, పేకాట కాదని, చాలాకాలం నమ్మాను.

ఈ పరాయి దేశంలో మేముండే శివారు ట్రుగనీనా. ఇక్కడ మా వీధిలో తెలుగిళ్లు ఐదారున్నాయి. ఆదివారం భోజనాలయ్యాక మగవాళ్లం ఒక స్నేహితుడి గరాజ్‌లో చేరి రమ్మీ ఆడేవాళ్లం. డబ్బు పెట్టేవాళ్లం కాదు, ఓడినవాడు అందరి టీ కప్పులూ కడగాలి. ఆ స్నేహితుడిది తెనాలి వైపు, నాది ఏలూరు వైపు. చుట్టరికం లేకపోయినా మొదటి రోజు నుంచీ "బావా" అనే పిలుచుకుంటున్నాం. ముక్కలు ఎవరు కలిపినా పక్కవాడు కోయాల్సిందే. కోయకుండా పంచితే ఆ ఆట చెల్లదు. అందులో అనుమానం ఏమీ లేదు, అదొక మర్యాద.

ఒక ఆదివారం వాడు టీ ముట్టకుండా కూర్చున్నాడు. కొన్ని నెలలుగా ఫోన్‌లో పోకర్ ఆడుతున్నాడని మాకు తెలుసు. అలాంటి సైట్లకి ఈ దేశంలో అనుమతి లేదు. ఎక్కడో పేరు తెలియని దీవిలో కంపెనీ పెట్టి ఇక్కడివాళ్లచేత ఆడిస్తుంటారు. ముందురోజు వాడికి రెండు ఆసులు వచ్చాయట. ఎదుటివాడి దగ్గర రెండు రాజులు. ఉన్నదంతా కాశాడు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా తెరిచే అయిదు ముక్కల్లో ఆఖరిదానికి ఓడిపోయాడు.

"పేకలో మిగిలినవే రెండు రాజులు బావా! అందులో ఒకటి కరెక్ట్‌గా లాస్ట్ కార్డ్ పడింది. ఫిక్సింగ్ లేకపోతే ఎట్టా పడుద్ది చెప్పు?"

"కలిపేదీ వాడే, పంచేదీ వాడే. కోసేవాడెవడక్కడ?" అన్నాడు ఇంకొకాయన.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అన్నాను నేను. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు.

"సరే, నువ్వు టెస్టర్‌వి కదా. ఫెయిరో కాదో నువ్వే తేల్చు. నువ్వు తేల్చిందాకా నేను ముట్టుకోను. ఒట్టు" అన్నాడు.

ఆ క్షణంలో నోరు మూసుకుని కప్పులు కడుక్కుంటే సరిపోయేది. నేను మాత్రం "సాంపుల్ కావాలి. టైం పడుతుంది" అన్నాను. నలుగురూ నా వైపు గౌరవంగా చూశారు. ఆ చూపు నాకు బాగా నచ్చింది.

ఆఫీసులో రాసినట్టే టెస్ట్ ప్లాన్ రాసుకున్నాను. పోకర్‌లో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. పేక నిజాయితీగా కలిపితే పదిహేడు చేతులకి, అంటే పదిహేడు పంపకాలకి, ఒకసారి జత రావాలి. రెండు ఆసులు రెండు వందల ఇరవై ఒక్క చేతులకి ఒకసారి రావాలి. ఇది మనిషి మాట కాదు, గణితం. మనం ఆడిన ప్రతి చేతి రికార్డునీ సైటు ఇస్తుంది. కొన్ని వేల చేతులు పోగేసి లెక్కతో పోల్చి చూస్తే మోసం బయటపడుతుంది.

పది రోజులు ఉచిత బల్లల మీద ఆడాను. ఆ తర్వాత నాకొక ఆలోచన వచ్చింది. ఉచిత ఆటకి వేరే ప్రోగ్రాం, డబ్బు ఆటకి వేరే ప్రోగ్రాం పెట్టి ఉంటే? అసలు మోసమంటూ ఉంటే డబ్బున్న చోటే కదా ఉండేది? జనం నిజంగా వాడుతున్న సిస్టంలో టెస్టింగ్ చేయకూడదన్నది మా వృత్తిలో మొట్టమొదటి నియమం. కొత్తగా చేరినవాళ్లకి ఆ నియమాన్ని నేనే నేర్పుతాను. మనస్సాక్షి ఏమాత్రం కదలకుండా దాన్ని తప్పాను. నా భార్యకి కూడా చెప్పాను. "టెస్టింగే కదా, ఎన్నాళ్లు?" అంది. నెల అన్నాను.

ఎంత పోయిందో ఇక్కడ రాయను. రాస్తే అదే అసలు విషయం అనిపిస్తుంది. పోయినచోటే వెతుక్కోవాలంటారు కదా, నేనూ ఆ సైట్‌లోనే వెతికాను. రైల్లో వెతికాను, ఆఫీసులో లంచ్ టైంలో వెతికాను, శనివారం మా అమ్మాయి ఈత నేర్చుకుంటుంటే పూల్ బయట కారులో కూర్చుని వెతికాను. ఓడిన ప్రతిసారీ డేటా పెరిగిందనుకునేవాణ్ని. గెలిచినప్పుడూ అదే అనుకునేవాణ్ని. అంత హాయిగా ఓడిపోయే దారి ఇంకెవరికీ దొరికి ఉండదు.

మూడో నెలాఖరుకి లెక్క తేలిపోయింది. జతలు రావాల్సినన్ని వచ్చాయి. ఆసులు రావాల్సినన్ని వచ్చాయి. రెండు ఆసులు రెండు రాజులకి ఎన్నిసార్లు ఓడాలో దాదాపు అన్నిసార్లే ఓడాయి. మా వాడికి ఆ రోజు జరిగింది వింత కాదు, అయిదారుసార్లలో ఒకసారి జరిగేదే. పేక శుభ్రంగా ఉంది. సైటు చేసేదల్లా ప్రతి పందెంలోంచీ చిటికెడు కమీషన్ తీసుకోవడం, అది కూడా దాచకుండా రాసే తీసుకుంటుంది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఎవరు మనుషులో, ఎవరు ప్రోగ్రాములో, ఎవరు ఒకరితో ఒకరు ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఆడుతున్నారో నాకు తెలియదు. దానికి నేను టెస్ట్ రాయలేదు. ముక్కల వరకు మాత్రం మోసం లేదు.

నాకు చాలా బాధ కలిగింది. నిజంగా. మోసమని తేలి ఉంటే నేను మోసపోయిన మంచివాణ్ని అయ్యేవాణ్ని.

ఆ వారమే స్నేహితుడి భార్య పూల్ దగ్గర నా కారు పక్కన ఆగింది. వాళ్ల పిల్లాడు కూడా అక్కడే ఈత నేర్చుకుంటాడు. ఫోన్ తొడ కింద పెట్టి అద్దం దించాను.

"అన్నయ్యగారూ, మీరేం చెప్తే అదే ఆయనకి వేదం. ఆట మానేసిన దగ్గర్నుంచీ డిన్నర్ టైంలో పిల్లలతో మాట్లాడుతున్నారు. మీ టెస్టింగ్‌లో ఏం వస్తుందో నాకు తెలీదు. బాగానే ఉందని మాత్రం చెప్పకండి. మీకు దణ్ణం పెడతాను" అంది.

అక్కడ ఇరుక్కున్నాను. ఫెయిర్ అని చెబితే వాడు మళ్లీ కూర్చుంటాడు. మోసమంటే అబద్ధం, పదకొండేళ్లలో నేనొక్క తప్పుడు రిపోర్టు ఇవ్వలేదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అందుకని మధ్యేమార్గంగా "ఇంకా నడుస్తోంది" అనడం మొదలుపెట్టాను. నడుస్తోందని చెప్పాలంటే నడవాలి కదా! అలా ఇంకో నాలుగు నెలలు ఆడాను. ఒక కుటుంబాన్ని కాపాడుతున్నానని చెప్పుకుంటూ ఆడాను. ఇది రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది.

ఏడో నెలలో వాడు గరాజ్‌లో అందరి ముందూ నిలదీశాడు. "ఏందిరా బావా, పీహెచ్‌డీ చేస్తున్నావా? ఏదో ఒకటి చెప్పు."

"మోసమే" అన్నాను.

వాడు నా మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత ఫోన్ తీసి మా ముందే అకౌంట్ మూసేశాడు. మర్నాడు వాళ్లావిడ డబ్బా నిండా గోంగూర పచ్చడి పంపింది. నా భార్య వేడన్నంలో కలిపి పెడుతూ "మంచి పని చేశారండీ" అంది. 

రిపోర్టు ఇచ్చేశాక టెస్టింగ్ అయిపోవాలి. అవలేదు. అకౌంట్ మూసేశాను, రెండు రోజుల్లో వేరే ఈమెయిల్‌తో తెరిచాను. బ్యాంకుకి చెప్పి కార్డు మీద జూదం చెల్లింపులు ఆపించాను, సైటు ఇంకో దారి చూపించింది. ఈ దేశంలో పేరు రాయించుకుంటే లైసెన్సున్న బెట్టింగ్ కంపెనీలన్నీ మనల్ని రానివ్వకుండా చేసే ఏర్పాటు ఒకటుంది. రాయించుకున్నాను. నేను ఆడే సైటుకి లైసెన్సే లేదు కాబట్టి దానికి ఆ జాబితాతో పని లేదు. తలుపులన్నీ నా చేత్తో నేనే వేసుకున్నాను, ప్రతి తలుపుకీ గడియ బయటి వైపు కాక లోపలి వైపే ఉంది. తీసేవాణ్నీ నేనే.

ఇలా మూడు నెలలు గడిచాక ఒక శనివారం నా భార్య పూల్ దగ్గరికి వచ్చింది. వృద్ధుల్ని చూసుకునే ఏజ్డ్ కేర్‌లో నర్సు తను, షిఫ్టు తొందరగా అయిపోయిందట. నేను కారులో తలవంచుకుని ఉన్నాను. మా అమ్మాయి క్లాసు అయిపోయి, తడి జుట్టుతో, తువ్వాలు చుట్టుకుని, అద్దాల తలుపు దగ్గర ఎప్పటినుంచో నిలబడి ఉంది.

"ఇట్స్ ఓకే అమ్మా, నాన్న ఈజ్ టెస్టింగ్" అంది అమ్మాయి. నన్ను వెనకేసుకొచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల.

దాన్ని కారులో కూర్చోబెట్టి, హీటర్ వేసి, తలుపు మూసి, నా భార్య నన్ను పక్కకి తీసుకెళ్లింది.

"మోసమని మీరే కదా చెప్పారు? వాళ్లింటికెళ్లి మరీ చెప్పారు. మోసమని తెలిసి ఎలా ఆడుతున్నారండీ?"

"మోసం లేదు. ముక్కలు సరిగ్గానే పడుతున్నాయి. నేనే ఆపలేకపోతున్నాను."

తను ఏడవలేదు. అరవలేదు. పేషెంటు చెప్పేది విన్నట్టు మొత్తం విన్నది. విన్నాక అంది:

"రెండిట్లో ఒకటి చెయ్యండి, ఈ రోజే. మీరన్నా ఆపండి, లేకపోతే మీ బావకైనా నిజం చెప్పండి. ఆయన్ని అబద్ధంతో కట్టేసి మీరు ఆడుకుంటానంటే నేనొప్పుకోను."

ఇంటికొచ్చి అన్నం తిన్నాం. నేను లేచి చెప్పులేసుకుని వాడింటి వైపు నడిచాను. నాలుగిళ్ల అవతలే. నిజం చెప్పడానికి వెళ్తున్నానన్న గర్వం కూడా కాస్త ఉంది. నా జబ్బు నాది, రుజువు రుజువే. రెండో ఇల్లు దాటుతుండగా నేనేం చేస్తున్నానో అర్థమైంది. నా భార్య రెండు దారులు చూపించింది. అందులో నేను ఆపనక్కర్లేని దారిని ఎంచుకున్నాను. కాళ్లు ఆగుతాయేమోనని చూశాను. ఆగలేదు.

వాడు ఇంటి ముందు గడ్డి కోస్తున్నాడు. నన్ను చూసి మిషన్ ఆపాడు.

"బావా, నీకో విషయం చెప్పాలి. ఆ రిపోర్టు అబద్ధం. ఆ సైట్‌లో పేక బాగానే ఉంది."

"తెలుసు" అన్నాడు.

"ఎలా?" అన్నాను.

"దొంగ సైట్ అయితే నువ్వు ఏడు నెలలు ఉంటావా అందులో? నీ సంగతి నాకు తెలీదా? ఆ రోజు నీ మొహం చూడంగానే తెలిసిపోయింది అబద్ధమని. ఆపడానికి నాకో సాకు కావాల్సొచ్చింది బావా. అందరి ముందూ నువ్విచ్చావు. తీసుకున్నా."

చెమట తుడుచుకున్నాడు. గడ్డి మిషన్ హ్యాండిల్ మీద మోచేతులు ఆనించి, నన్ను తీరిగ్గా చూశాడు. వాడికి లెక్కలు రావని మేమంతా ఏడిపించేవాళ్లం.

"ఇంకా ఆడుతున్నావా?"

తలూపాను.

"ఇంటో తెలిసిపోయిందా?"

మళ్లీ తలూపాను.

"మరి ఇప్పుడొచ్చి నాకు ఫెయిర్ అని చెప్తున్నావే..." అని ఆగాడు. కోపమేమీ లేదు గొంతులో, నాకు అర్థం కాదేమోనని మెల్లగా చెప్పాడు. "నేను మళ్లీ మొదలుపెట్టినా నీకు పర్లేదన్నమాట."

కాదు అనాలి. ఒక్క మాట. నేను వాడి చెప్పులకి అంటుకున్న గడ్డి చూస్తూ నిలబడ్డాను.